పింగాణీ కోసం అరిత దాకా

జపాన్‌ క్యూషూ దీవిలోని హకాతాలో ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే గంటన్నరలోపే పింగాణీ ఊరు అరితలో దిగొచ్చు. మేం సోమవారం దిగాం. క్యూషూ సిరామిక్ మ్యూజియానికి అదే సెలవు! గుట్టెక్కి, మూసిన తలుపులు చూసి దిగొచ్చాం. మర్నాడు మళ్లీ వెళ్తే మాత్రం కడుపు నిండింది. శాశ్వత ప్రదర్శనకి టికెట్ కూడా లేదు.

1590ల్లో కొరియా మీద యుద్ధానికెళ్లిన జపాన్ సేనలు అక్కడి కుమ్మరుల్ని పట్టుకొచ్చాయి. వాళ్లలో యి సామ్‌ప్యోంగ్ అనే ఆయన 1616లో ఇక్కడి ఇజుమియామా కొండలో పింగాణీకి పనికొచ్చే తెల్లరాయి కనిపెట్టాడని చెబుతారు. ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి మిగిలింది. కొండ కాస్తా గిన్నెలూ పళ్లేలూ అయిపోయి ఊళ్లేలింది. సరుకు ఇమారి రేవులో ఓడలెక్కేది కాబట్టి యూరప్‌లో దాని పేరు ‘ఇమారి’ అయింది. చాకిరీ అరితది, పేరు రేవుది.

రైలు పట్టాలు దాటి మెట్లెక్కితే తోజాన్ గుడి. దాని తోరణ ద్వారం కూడా పింగాణీదే, 1888 నాటిది. తెలుపు మీద నీలి లతలు. మా ఇంట్లో ఊరగాయ జాడీకి తప్ప పింగాణీకి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

ఒకావాచియామాకి ఇమారి నుంచి బస్సు. రోజుకి కొన్నే ఉంటాయి, టైమ్ చూసుకోకపోతే టెన్షనే. పనితనం గుట్టు బయటికి పొక్కకుండా ఈ ప్రాంతాన్ని ఏలిన నబేషిమా ప్రభువులు కొండల మధ్య ఈ ఊళ్లో తమ బట్టీలు పెట్టించారు. ఫోటోలకి అరిత కంటే ఇదే అందం. కానీ ఒక పూట చాలు.

బస టకేవో ఒన్సెన్ అనే వేడినీటి బుగ్గల ఊళ్లో. వేడినీటి స్నానం బాగుంది, గది ఇరుకు. శాకాహారులు జాగ్రత్త, సూప్‌లో చేప రసం ఉంటుంది. పొద్దున టిఫిన్ పళ్లెంలో ఏ రెండు గిన్నెలూ ఒకేలా లేవు: ఒకటి చదరం, ఒకటి ఆకు ఆకారం. అన్నం గిన్నె చేత్తో ఎత్తుకుని తినాలి. అడుగున ఉన్న చుట్టు దగ్గర పట్టుకుంటే వేళ్లు కాలవు. మా అమ్మమ్మ ముందు కంచం అలా ఎత్తితే మొట్టికాయే!

అక్కడ సెట్ అంటే ఐదు. టీ కప్పులు కొన్నాం. షాపువాళ్లు ఒక్క పొర కాగితం చుట్టి ఇచ్చారు, అడిగితే చాలన్నారు. హైదరాబాద్‌లో పెట్టె తెరిస్తే ఒకటి ముక్కలైంది. ఇంట్లో నలుగురమే కాబట్టి సరిపోయింది.