చక్రాల మీద నల్ల పొడి: లో-మెటల్ ప్యాడ్లా, సిరామిక్ ప్యాడ్లా, ఏది మేలు?

ఐరోపా కంపెనీల కార్లు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆదివారం ఉదయం కడిగించిన ముందు చక్రాలు బుధవారానికల్లా కట్టెల పొయ్యి మీది గిన్నెల్లా నల్లబడుతున్నాయి, బ్రేక్ ప్యాడ్లు మారిస్తే ఈ బెడద తప్పుతుందా అన్నది ఆ ప్రశ్న. మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లోనే గత ఏడాదిలో నలుగురు నన్ను ఇదే అడిగారు. ఈ మధ్య నా ఎనిమిదేళ్ల సెడాన్‌కు ముందు ప్యాడ్లు అరిగిపోయి కొత్తవి వేయించవలసి వచ్చినప్పుడు నాకూ అదే సందేహం ఎదురైంది. కంపెనీ ఇచ్చిన రకం లో-మెటల్ ప్యాడ్లే, అంటే కొంత లోహం కలిపినవే, మళ్లీ వేయించాలా, సిరామిక్‌కు మారాలా అని ఆలోచించి, చివరికి సిరామిక్ వైపు మొగ్గాను. అలా మొగ్గడానికి కారణమేమిటో, అది ఎవరికి వర్తించదో ఇక్కడ రాస్తున్నాను.

పాత ప్యాడ్లు విప్పకముందే ఒక చిన్న పరీక్ష చేశాను. అల్లాయ్ చువ్వల మధ్య పేరుకున్న పొడిని పాత టూత్‌బ్రష్‌తో తెల్ల కాగితం మీదికి దులిపి, కాగితం కింద ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే, పొడిలో చాలా భాగం చీమల బారులా దాని వెంట నడిచింది. లో-మెటల్ ప్యాడ్‌లో కూడా ఉక్కు పీచు ఉంటుంది కనుక ఆ ఇనుమంతా డిస్క్‌దేనని, అంటే చక్రంతోపాటు తిరుగుతూ ప్యాడ్ల మధ్య నొక్కుకునే పోత ఇనుప పళ్లానిదేనని, ఈ పరీక్షతో చెప్పలేము. అయితే డిస్క్ అంచున వేలికి తగిలిన గట్టు, మెకానిక్ మైక్రోమీటరులో కనిపించిన అంకె మిగతా సంగతి చెప్పాయి. కొత్తగా ఉన్నప్పుడు 25 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ డిస్క్ 23.2కు దిగింది, దానికి అనుమతించిన కనిష్ఠ మందం 22. అంటే ఒక్కో ముందు డిస్క్ రెండు ముఖాల నుంచి దాదాపు రెండు మిల్లీమీటర్ల పోత ఇనుము పొడిగా రాలిపోయింది. అందులో కొంత రోడ్డు మీద పడింది, కొంత గాలిలో కలిసింది, కొంత నా అల్లాయ్‌ల మీద కూర్చుంది.

మనం ప్యాడ్ పొడి అని పిలిచేదానిలో డిస్క్ వాటా ఇంత ఉంటుందన్న విషయాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చే అంశం ఇదే. ప్యాడ్ నుంచి రాలిన మసి షాంపూ నీళ్లతో పోతుంది. డిస్క్ నుంచి వేడివేడిగా ఎగిరే ఇనుప రజను అలా పోదు. అది అల్లాయ్ మీది లక్క పొరలో గుచ్చుకుని, తేమ తగిలాక తుప్పు పట్టి, నట్ల గుంటల చుట్టూ, రిమ్ము లోపలి అంచున గోధుమ రంగు చుక్కలుగా స్థిరపడిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉప్పుగాలి వల్ల ఆ తుప్పు మరింత త్వరగా పడుతుంది. ఒకసారి ఆ చుక్కలు పడ్డాక వాటర్ వాష్‌లో ఎంత ఫోమ్ కొట్టించినా లాభం లేదు. ఇనుముతో కలిసినప్పుడు ఊదా రంగుకు మారే ఐరన్ రిమూవర్ ద్రావణాన్ని, చక్రం పూర్తిగా చల్లారాక, చల్లవలసిందే. కాబట్టి ఏ ప్యాడ్ తక్కువ పొడి రాలుస్తుందని అడగడం కంటే, ఏ ప్యాడ్ డిస్క్‌ను తక్కువగా తింటుందని అడగడం సరైనది.

ఈ ప్రశ్న వేసుకుంటే రెండు రకాల మధ్య తేడా స్పష్టమవుతుంది. లో-మెటల్ ప్యాడ్‌లో బరువు ప్రకారం సుమారు 10 నుంచి 30 శాతం లోహం ఉంటుంది, దానితోపాటు గరుకు ఖనిజాలు ఉంటాయి. ఇది ప్రధానంగా గరుకు కాగితం పద్ధతిలో పనిచేస్తుంది, అంటే డిస్క్‌ను సన్నగా గీరుతూ, తానూ అరుగుతూ బండిని ఆపుతుంది. సిరామిక్ ప్యాడ్‌లో ఉక్కు పీచుకు బదులు సిరామిక్ పీచు, మెత్తని పూరకాలు, బంధక రెసిన్లు ఉంటాయి. బాగా సర్దుకున్నాక ఇది తన పదార్థాన్నే పలుచని పొరగా డిస్క్ మీద పూసి, ఆ పొరకూ తనకూ మధ్య పట్టు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అందువల్ల డిస్క్ అరుగుదల తక్కువగా ఉంటుంది, రాలే ఇనుము కూడా తగ్గుతుంది. స్పోర్ట్స్ కార్లకు వచ్చే కార్బన్ సిరామిక్ డిస్క్‌లకూ ఈ ప్యాడ్లకూ సంబంధం లేదని కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సిరామిక్ అన్న మాట వినగానే లక్షల్లో ఖర్చవుతుందని బెదిరిపోయినవారిని నేను చూశాను.

నిజాయితీగా చెప్పవలసిన మరో మాట ఉంది. సిరామిక్ ప్యాడ్ పొడి రాల్చకుండా ఉండదు. ఆ పొడి లేత బూడిద రంగులో ఉండి, చక్రానికి అంతగా అతుక్కోదు కనుక, తగ్గిన పొడి ఇంకా తగ్గినట్లు కనిపిస్తుంది. వెండి రంగు అల్లాయ్‌లు ఉన్నవారికి ఇది వరమే. నిగనిగలాడే నల్ల అల్లాయ్‌లు వేయించుకున్నవారికి మాత్రం లో-మెటల్ మసి దాగిపోతుంది, సిరామిక్ బూడిద పైకి కనిపించవచ్చు. అటువంటివారు కేవలం అందం కోసం ప్యాడ్లు మార్చాలనుకుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించడం మంచిది.

మరి ఐరోపా తయారీదారులు లో-మెటల్‌నే ఎందుకు పట్టుకుని ఉన్నారు? జర్మనీలో ఆటోబాన్ మార్గాల మీద చాలా భాగాల్లో నిర్బంధ వేగ పరిమితి లేదు. గంటకు 180, 200 కిలోమీటర్ల వేగం నుంచి పదేపదే ఆపవలసి వచ్చినా పట్టు సడలని ప్యాడ్ అక్కడ అవసరం, పైగా పెడల్ మీద కాలు ఆనించగానే బండి బిగబట్టినట్లుండే స్పందనకు అక్కడి చోదకులు అలవాటుపడ్డారు. లో-మెటల్ ఈ రెండింటిలోనూ ముందుంటుంది, ఈ విషయంలో నాకు ఏ వాదనా లేదు. అయితే హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లే. నా కారు రోజులో ఎక్కువ భాగం మియాపూర్ నుంచి గచ్చిబౌలి వరకు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పాకుతుంటుంది. ఆటోబాన్ కోసం తయారైన గుణానికి నేను మసి రూపంలో సుంకం కడుతున్నానని అనిపించింది.

ఘాట్ రోడ్ల సంగతేమిటని అడిగేవారికి నా అనుభవం చెబుతాను. కొత్త ప్యాడ్లు వేయించిన నెలకు తిరుమల వెళ్లి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగాను. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం అక్కడ ఉంది కనుక, రెండో గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగేవారికి ఏ మంచి ప్యాడ్ అయినా సరిపోతుంది, అలిపిరి చేరేసరికి నా పెడల్‌లో ఏ మెత్తదనమూ కనిపించలేదు. తేడా తెలిసింది వేరే చోట. తెల్లవారుజామున చల్లగా ఉన్న బండి తీసినప్పుడు మొదటి ఒకటి రెండు బ్రేకులకు మునుపటి కంటే కాస్త గట్టిగా నొక్కవలసి వస్తోంది. కాలు వారంలో అలవాటుపడింది. నిండు లోడుతో తరచుగా మారేడుమిల్లి, అరకు ఘాట్లలో తిరిగేవారు, వేగంగా నడపడంలో ఆనందం పొందేవారు మాత్రం లో-మెటల్ దగ్గరే ఉండిపోయి, వారానికి పది నిమిషాలు చక్రాలు తుడుచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే అది నాకే జరిగింది. మొదట వెళ్లిన వర్క్‌షాపువారు పాత డిస్క్‌ల మీదే కొత్త సిరామిక్ ప్యాడ్లు ఎక్కించి, ‘డిస్క్ ఇంకా దిట్టంగా ఉంది సార్, లేత్ కూడా అక్కర్లేదు’ అని పంపించారు. రెండు వారాలపాటు పార్కింగ్‌లోకి దిగేటప్పుడల్లా బ్రేకు కీచుమన్నది, చక్రాలు ఎప్పటిలాగే నల్లబడ్డాయి, ఇంత ఖర్చుపెట్టి ఏం బావుకున్నానా అనుకున్నాను. తర్వాత మరో మెకానిక్ చక్రం విప్పి డిస్క్ మీద వేలిగోరు పెట్టి చూపించాడు. గ్రామఫోన్ రికార్డులా గాళ్లు పడి ఉన్నాయి, వాటిలో పాత లో-మెటల్ పదార్థం అతుక్కుని ఉంది. ఆ గరుకు ముఖం మీద సిరామిక్ పొర సమంగా పరుచుకోదు, పైగా గాళ్ల అంచులు మెత్తని కొత్త ప్యాడ్‌ను గీరేస్తుంటాయి. ఒక రకం నుంచి మరో రకానికి మారేటప్పుడు డిస్క్ ముఖాన్ని లేత్ మీద సన్నగా చెక్కించి శుభ్రం చేయించాలి. లేత్ పట్టాక మిగిలే మందం కనిష్ఠానికి మరీ దగ్గరగా వచ్చేటట్లయితే కొత్త డిస్క్‌లే వేయించాలి. నాది 23.2 దగ్గరే ఉంది కనుక లేత్ పట్టించినా ఎక్కువ కాలం రాదని కొత్త జత తీసుకున్నాను. ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు దాటింది, ఈ లెక్క ముందే వేసుకోనివారు సిరామిక్ జోలికి పోకపోవడం మంచిది.

కొత్త డిస్క్‌లు వేశాక ప్యాడ్లు వాటికి సర్దుకుని, తమ పొరను సమంగా పూసేలా చేయడం కూడా అంతే ముఖ్యం. ఒక ఆదివారం ఉదయం ఆరు గంటలకు, వెనుక బండ్లు లేని రోడ్డు చూసుకుని, 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పది సార్లు మధ్యస్థంగా బ్రేకు వేశాను. ప్రతిసారీ మధ్యలో కాస్త దూరం నడిపి గాలి ఆడనిచ్చి, చివర పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా తిప్పి ఇంటికి తెచ్చాను. వేడెక్కిన డిస్క్‌ను ప్యాడ్ నొక్కిపట్టి ఉంచితే ఆ చోట పొర మందంగా అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది. ఇవన్నీ పూర్తయ్యాక ఇప్పుడు మూడు వారాలకొకసారి కడిగిస్తున్నాను. కడగబోయే ముందు తెల్ల టిష్యూతో తుడిస్తే లేత బూడిద చార ఒకటి వస్తుంది, మునుపు నాలుగు రోజులకే కాటుక పూసినట్లు వచ్చేది.

మిగతా మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 30 నుంచి 65 శాతం వరకు లోహం ఉండే సెమీ-మెటాలిక్ ప్యాడ్లు గట్టివి, వేడికి తట్టుకుంటాయి, కానీ పొడి తగ్గించుకోవాలనుకునేవారికి అవి పనికిరావు. లోహం దాదాపు లేని ఆర్గానిక్ ప్యాడ్లు చవక, నిశ్శబ్దం, శుభ్రం, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకు చక్కగా సరిపోతాయి, బరువైన కారుకు త్వరగా అరిగిపోతాయి. చక్రం వెనుక బిగించే రేకు పళ్లాలు డిస్క్‌కు గాలి తగలకుండా చేస్తాయి కనుక వాటిని నేను ఎవరికీ సూచించను. అల్లాయ్‌ల మీద వ్యాక్స్ గాని కోటింగ్ గాని వేయిస్తే పొడి తగ్గదు, కడగడం మాత్రం సులువవుతుంది.

డిస్క్‌నే అరగకుండా చేయడం అన్నిటికంటే సూటి మార్గం. పోర్షే 2017లో కయెన్‌తో టంగ్‌స్టన్ కార్బైడ్ పూత గల డిస్క్‌లను తెచ్చి, పొడి పట్టదన్న ధీమాతో వాటి క్యాలిపర్లకు, అంటే ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే బిగింపులకు, తెల్ల రంగు వేసింది. మన బండ్లకు అటువంటివి ఇప్పట్లో అందుబాటు ధరలో దొరకవు. ఐరోపా సమాఖ్య వారి యూరో 7 వాహన కాలుష్య నిబంధనలు మాత్రం మొదటిసారిగా బ్రేకు పొడికి కూడా పరిమితి పెట్టాయి: ఇంజిన్ గల కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకు 3. ఇవి కొత్త మోడళ్లకు 2026 నవంబరు చివరి నుంచి వర్తిస్తాయి కనుక, అక్కడి తయారీదారులు లో-మెటల్‌ను ఇంకెంతకాలం పట్టుకుని ఉండగలరో చూడాలి.

కొనేముందు రెండు మూడు విషయాలు చూసుకోవాలి. నాలుగు చక్రాల్లో ఒక్కటే మిగతావాటికంటే విపరీతంగా నల్లబడుతుంటే అది ప్యాడ్ రకం వల్ల వచ్చిన సమస్య కాకపోవచ్చు. క్యాలిపర్ పిన్ను గాని పిస్టన్ గాని బిగుసుకుని ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూ ఉండవచ్చు, దాన్ని వెంటనే చూపించాలి. ప్యాడ్ అంచున ముద్రించే కోడ్ చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. వాటిలో మొదటిది మామూలు స్థితిలో, రెండోది వేడిలో రాపిడి గుణకాన్ని సూచిస్తాయి. ‘ఈ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. బరువైన కారుకు సిరామిక్ పేరుతో ‘ఈఈ’ అంటగట్టబోతే వద్దనండి. వీలైతే మార్పిడి ప్యాడ్లకు ఐరోపాలో వర్తించే ఆర్90 ధ్రువీకరణ ఉన్నది తీసుకోండి, ఆ ప్రమాణం ప్రకారం పనితీరు అసలు ప్యాడ్‌కు 15 శాతం లోపు తేడాతోనే ఉండాలి. ఏటీఈ సిరామిక్, అకెబోనో, ఈబీసీ రెడ్‌స్టఫ్ ఈ కోవలో పేరున్నవి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని విడిభాగాల దుకాణాల్లో అడిగితే ఆర్డరు మీద తెప్పించేవారు ఉన్నారు.

అమెరికాలో ఉన్న తమ్ముడి చేతో కూతురి చేతో సూట్‌కేసులో తెప్పించుకుందామనుకునేవారు ముందుగా సైజు సరిచూసుకోవాలి, ఎందుకంటే అదే పేరుతో అక్కడ అమ్మే కారుకు వేరే క్యాలిపర్ ఉండవచ్చు. ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లలో డిక్కీలోని స్టిక్కర్ మీద, ఆ బండికి ఏ భాగాలు అమర్చారో చెప్పే పీఆర్ కోడ్‌లలో 1ఎల్, 1జెడ్‌తో మొదలయ్యేవి ముందు బ్రేకులవి, 1కేతో మొదలయ్యేవి వెనుక బ్రేకులవి. అక్కడి పెట్టెల మీద కనిపించే మూడు ఆకుల గుర్తును చూసి పొడి తక్కువని కొందరు పొరబడతారు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల చట్టాలకు అనుగుణంగా ఆ ప్యాడ్‌లో రాగి 0.5 శాతం లోపే ఉందని మాత్రమే దాని అర్థం.

నా కారుకు వెనుక కూడా డిస్క్‌లే ఉన్నాయి. అక్కడ ఇంకా పాత లో-మెటల్ ప్యాడ్లే ఉన్నాయి, సగం మందం మిగిలింది. ముందు ఒక రకం, వెనుక ఒక రకం ఎక్కువ కాలం ఉంచడం నాకు ఇష్టం లేదు కనుక, వచ్చే సర్వీసులో డిస్క్ మందం కొలిపించి, వాటినీ మార్పించబోతున్నాను.