బరంపురంలో ఒక పెంపుడు జంతువుల క్లినిక్: టీకాలకు వెళ్ళండి, గొంతు ఆపరేషనుకు వద్దు

మొదట మార్కులు చెప్పేస్తాను. టీకాలు, గోళ్ళు కత్తిరించడం, గోమార్లకు మందు, ఇలాంటి పనులకు ఈ క్లినిక్ నాలుగు నక్షత్రాలకు తగినదే. కానీ గోడ మీద రేట్ల బోర్డులో స్నానానికీ పళ్ళ శుభ్రతకూ మధ్య "మొరుగుడు తగ్గించే ఆపరేషన్" అని ఇంగ్లీషులో ఒక వరుస ఉంది. ఆ వరుస అక్కడ ఉన్నంత కాలం నా లెక్కలో రెండే. పేరు రాయడం లేదు. ఒక్క క్లినిక్‌ను వీధిలో నిలబెట్టి లాభం లేదు, ఇలాంటి బోర్డు ఇంకే ఊళ్ళో కనబడినా నా మాట ఇదే.

పెద్ద బజారులో మాకు పట్టుచీరల దుకాణం. కాపురం మేడ మీద అద్దె వాటాలో. మా మల్లి తెల్ల బొచ్చు కుక్క. అమ్మినవాడు పమేరియన్ అన్నాడు గానీ ఇక్కడ ఆ పేరుతో చలామణి అయ్యేవి చాలామటుకు ఇండియన్ స్పిట్జ్‌లే. మొరగడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన ఉద్యోగం. గ్యాసు బండి వచ్చినా, కింద గేటు చప్పుడైనా మా మల్లి హాజరు వేసుకుంటుంది. అది మాకూ అలవాటే, ఇరుగుపొరుగుకూ అలవాటే. పోయిన వానాకాలం నుంచి మాత్రం అర్ధరాత్రి లేచి గోడ వైపు, తలుపు వైపు మొరగడం మొదలుపెట్టింది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఒడియా ఆయన, తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడతారు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "అమ్మా, నిద్రమాత్ర వేసుకున్నా నిద్ర పట్టడం లేదమ్మా. దానికి ఏదైనా మందు ఇప్పించండి" అన్నారు. గొడవ పడే మనిషి కాదు. పెద్దాయన అలా అడిగితే ఎవరికైనా సిగ్గేస్తుంది.

అందుకే క్లినిక్‌కు వెళ్ళాం. బాగున్నవి ముందు చెప్పాలి. తూకం యంత్రం మీద రబ్బరు చాప వేశారు, కాళ్ళు జారవు. కాంపౌండరు అబ్బాయి సూది పట్టుకొని మీదికి రాడు. ముందు ఖాళీ చెయ్యి వాసన చూడనిచ్చి, మెడ వెనక గోకి, అప్పుడు పొడుస్తాడు. మల్లికి తెలియనే తెలియదు. టీకా సీసా మీది చీటీని కార్డులో అంటించి తేదీ వేసి ఇస్తారు, బిల్లు అడగకుండానే ఇస్తారు. బాగాలేనిది: పిల్లులకూ కుక్కలకూ ఒకటే గది. ఏసీ ఉంది గానీ పిల్లి బోను పక్కన కుక్కను పట్టుకొని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

డాక్టరు గారి గదిలో "రాత్రిళ్ళు మొరుగుతోంది" అన్నానో లేదో, ఆయన మల్లిని చూడకుండానే రేటు చెప్పారు. "చిన్న పని మేడమ్. నోట్లోంచే చేస్తాం, బయట కోత ఉండదు. సాయంత్రానికి ఇంటికి తీసుకువెళ్ళిపోవచ్చు. ఎనిమిది వేలు, మందులు వేరు." ఏం కోస్తారు అని అడిగాను. మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. గొంతులో స్వరపేటిక, దాని లోపల చెరో పక్క ఒక మడత. ఆ మడతల్లో కొంత కండ తీసేస్తారు. గాలి వచ్చినా అదరడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి శబ్దం పలచబడుతుంది. మళ్ళీ పెరుగుతుందా అంటే, పెరగవచ్చు, అప్పుడు మళ్ళీ చేస్తాం అన్నారు. దాచకుండా చెప్పినందుకు ఆయనకు ఒక మార్కు ఇవ్వాల్సిందే. ఎప్పటి నుంచి మొరుగుతోంది, ఏ వేళప్పుడు, దేన్ని చూసి? ఈ మూడింటిలో ఒక్కటీ అడగనందుకు ఆ మార్కు మళ్ళీ తీసేశాను.

ఆలోచించుకుని చెబుతానని బయటికి వస్తే, అదే ఆపరేషన్ వేరే ఊళ్ళో చేయించుకున్న బీగిల్ ఒకటి బల్ల పక్కన కూర్చుని ఉంది. మల్లిని చూడగానే లేచింది. మెడ మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి, ముందు కాళ్ళు ప్రతి మొరుగుకూ నేల విడిచి లేస్తున్నాయి, పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొరగడంలో ఏ లోటూ లేదు. నోట్లోంచి మాత్రం చెడిపోయిన సైకిలు పంపు కొట్టినట్టు గాలి వస్తోంది, మధ్యమధ్య దగ్గు. మల్లి బదులు మొరగలేదు. తల పక్కకు వంచి దాని మూతి వైపే చూస్తూ నిలబడింది. ఇక్కడ మౌనంగా ఉన్నది మల్లి, మొరుగుతున్నది ఆ బీగిల్. వినేవాళ్ళకు మాత్రం రెండూ మొరగనట్టే ఉంటుంది. ఆ ఆపరేషన్ కుక్క మొరుగుడును తగ్గించదు, మన చెవికి చేరకుండా చేస్తుంది. కుక్కకు ఏ బాధ ఉండి మొరుగుతోందో ఆ బాధ అలాగే ఉంటుంది.

ఆ కుక్క గల భార్యాభర్తలు దుర్మార్గులేమీ కారు. ఆవిడ ఒడిలో టిఫిను డబ్బా పెట్టుకొని దానికి ఇడ్లీ ముక్కలు పెడుతోంది. "అపార్టుమెంటు వాళ్ళు వారం గడువు ఇచ్చారండీ. ఇది చేయించకపోతే ఎక్కడో వదిలేయాల్సి వచ్చేది. వదిలేయడం కన్నా ఇది నయం కాదా?" అని అడిగింది. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. బీగిల్‌ను రోడ్డు మీద వదిలితే అది ఎక్కువ రోజులు బతకదు. అన్నీ చేసి చూసి, ఇంకే దారీ లేక, ప్రాణం దక్కాలంటే ఇదొక్కటే అన్న పరిస్థితి ఎక్కడైనా ఉంటే నేను ఆవిడను తప్పు పట్టను. కానీ వారం గడువులో అన్నీ ఎవరు చేసి చూశారు? పైగా ఆ గడువు ఇచ్చే అధికారమే ఆ సంఘానికి లేదు. 2015లో భారత జంతు సంక్షేమ మండలి ఇచ్చిన మార్గదర్శకాల్లో, మెజారిటీ ఓటుతో కూడా నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవని, మొరుగుతోందని చెప్పి వెళ్ళగొట్టలేరని ఉంది. రాత్రిళ్ళు పొరుగువారికి ఇబ్బంది లేకుండా చూసుకోవడం యజమాని బాధ్యత అని కూడా అందులోనే ఉంది. నాకు రెండూ న్యాయంగానే కనిపించాయి. ఆవిడకు ఈ సంగతి చెప్పాల్సినవాళ్ళు ఎనిమిది వేలు అడుగుతున్నారు.

మన ఊరి వాతావరణం ఇంకో లెక్క. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి దిగుతుంది. కోసిన చోట మచ్చకట్టి కండ అడ్డంగా పెరిగితే గాలి దారి ఇరుకవుతుంది. సముద్రపు ఉక్కలో, ఏప్రిల్, మే నెలల్లో, ఇంత బొచ్చున్న కుక్క ఇరుకు గొంతుతో రొప్పాలంటే ఎలా? తిండీ నీళ్ళూ ఊపిరితిత్తుల్లోకి జారకుండా కాపలా కాసేది కూడా ఆ స్వరపేటికే. డాక్టరు గారు "అరుదు మేడమ్" అన్నారు. అరుదైనదైనా అనుభవించేది ఆయన కాదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తున్నారు కదా, ఇది మాత్రం తప్పా అని మావారు అడిగారు. మంచి ప్రశ్నే. ఆడకుక్కకు గర్భసంచి తీయిస్తే అందులో చీము పట్టే జబ్బు రాదు. అది కుక్కకు మేలు. గొంతు మడతలు కోస్తే కుక్కకు ఏ జబ్బు తగ్గింది? చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో జంతువును వికలం చేయడం నేరం. పశువుల కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం, వాతలు, ముక్కుతాడు, వీటికి పద్ధతి ప్రకారం చేస్తే మినహాయింపు ఉంది. ఆ జాబితాలో గొంతు లేదు. అయితే అదే సెక్షన్‌లో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. ఎనిమిది వేల ఆపరేషన్ మీద యాభై రూపాయల భయం! అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వైద్య అవసరం ఉంటే తప్ప దీన్ని 2010లోనే నిషేధించింది. ఐరోపా దేశాల పెంపుడు జంతువుల ఒప్పందం 1987లోనే తోక కోత, చెవి కోతలతో పాటు దీన్నీ వద్దంది.

నిద్ర సంగతికి వస్తే, మన ఊళ్ళో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణీ జాతర వస్తుంది. ఇంచుమించు నెల పొడుగునా డప్పులు, పులివేషాలు, మైకులు. మా వీధిలో ఎవరూ నిద్రపోరు. పులివేషగాడి గొంతు గురించి మాత్రం ఎవరూ డాక్టరును అడగరు. జాతర వద్దనడం లేదు, దానికి చీరలు అమ్మేది మేమే.

చివరికి ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళాం. దానికీ ఇక్కడే సమీక్ష రాసేస్తున్నాను. వరండాలో మేకలు, ఒక కుంటి ఆవుదూడ, ఫ్యాను లేదు, చాలాసేపు కూర్చోవాలి. డాక్టరమ్మ వయసులో చిన్నది. ముందు ఎన్ని గంటలకు మొరుగుతుందో అడిగింది. తరవాత దూది ఉండ ఒకటి తీసి మల్లి కళ్ళ ముందు జారవిడిచింది. దూది పడితే చప్పుడుండదు, కన్ను ఒక్కటే దాన్ని పట్టుకోవాలి. కిటికీ వెలుతురులో మల్లి తల కొద్దిగా కదిలింది. కిటికీ మూసి మళ్ళీ వదిలితే దూది కాళ్ళ దగ్గర పడినా అటు చూడలేదు. "రెండు కళ్ళలో శుక్లాలు ఉన్నాయమ్మా. చీకట్లో దీనికి ఏమీ కనబడటం లేదు, భయపడి మొరుగుతోంది. లోపల రెటీనా ఎలా ఉందో భువనేశ్వర్ పశువైద్య కళాశాలలో చూపించండి" అంది. అప్పటికి చేయాల్సినవి చెప్పింది: హాల్లో రాత్రంతా చిన్న దీపం, పడక చోటు మార్చకూడదు, కుర్చీలు జరపకూడదు, పడుకునే ముందు ఒకసారి కిందికి తిప్పి తీసుకురావాలి.

దీపం పెట్టాక అర్ధరాత్రి మొరుగుళ్ళు చాలావరకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పగటి మొరుగుళ్ళకు వీధి వైపు గ్రిల్లుకు అంచు చిరిగిన పాత చీర కట్టాను, గేటు కనబడకపోతే సగం మొరుగుళ్ళు ఉండవు. భువనేశ్వర్ ఇంకా వెళ్ళాల్సి ఉంది. గొంతు ఆపరేషన్ చేయించి ఉంటే ఓనరు గారికి నిద్ర పట్టేది, మల్లి కళ్ళ సంగతి మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

మొరిగినప్పుడల్లా మనకు వినపడని కీచు శబ్దం చేసే పెట్టె ఒకటి మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. దానికి ఒక్క నక్షత్రం ఇచ్చినా ఎక్కువే. మల్లి మొదట చెవులు రిక్కించింది, తరవాత లెక్క చేయలేదు. ఎదురింటి కుక్క మాత్రం ఆ పెట్టె మీద మొరగడం మొదలుపెట్టింది. వెనక్కి పంపేశాం. మెడకు కట్టే కరెంటు పట్టీ జోలికి నేను పోలేదు.

పశువైద్యశాలకు వెళ్ళేవాళ్ళు పొద్దున్నే, ఎండ ముదరకముందు వెళ్ళండి. తాడు, మూతికి కట్టడానికి గుడ్డ, తాగడానికి నీళ్ళు మీరే తెచ్చుకోండి. కొన్ని మందులు బయట కొనుక్కోవాలి. మేకలున్న వైపు కూర్చోకండి.