ర్యాంకు చూసి సీలున్న ఎల్పీ రికార్డు కొంటున్నారా? ముందు నా 5,800 రూపాయల సంగతి చదవండి

ఈమధ్య మనవాళ్లలో చాలామంది కొత్తగా టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్, కొంటున్నారు. సంతోషమే. కానీ కొన్న వారం తిరక్కుండానే "ప్రపంచంలో గొప్ప ఆల్బమ్‌లు" అనే లిస్టు ఒకటి ముందు పెట్టుకుని, పైనుంచి ఒక్కొక్కటే ఆర్డర్ పెట్టేస్తున్నారు. నేనూ అదే పని చేశాను. అందులో ఒక రికార్డుకి 5,800 రూపాయలు పెట్టాను. డబ్బు సంగతి అలా ఉంచితే, మూడు నెలలపాటు నా చెవి మీద నాకే నమ్మకం లేకుండా పోయింది. మీలో ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

రికార్డు పేరు ట్రౌట్ మాస్క్ రెప్లికా. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే పేరుతో పాడిన డాన్ వాన్ వ్లీట్, ఆయన మ్యాజిక్ బ్యాండ్ కలిసి చేసిన డబుల్ ఆల్బమ్. 1969లో అమెరికాలో వచ్చింది. ప్రొడ్యూసర్ ఫ్రాంక్ జాపా. రెండు ఎల్పీలు, నాలుగు సైడ్లు, 28 పాటలు, దాదాపు 80 నిమిషాలు. అట్ట మీద చేప తల తొడుక్కున్న మనిషి ఫొటో ఉంటుంది, ఎక్కడో చూసే ఉంటారు. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 2003లో వేసిన 500 ఆల్బమ్‌ల లిస్టులో దీనిది 58వ స్థానం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తాను భద్రపరిచే రికార్డింగుల్లోనూ దీన్ని చేర్చింది. ఇంత ఉన్నాక ఇంకేం ఆలోచిస్తాం?

పైగా అదే లిస్టులో 12వ స్థానంలో ఉన్న మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూని అంతకుముందే కొన్నాను. 1959 నాటి రికార్డు, జాజ్ గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు, అయినా మొదటి రాత్రే మనసుకి పట్టేసింది. దాంతో లిస్టు మీద పూర్తిగా గురి కుదిరింది. నా పొరపాటు అక్కడే మొదలైంది.

ఆదివారాలు నలుగురం ఒకచోట కూర్చుని రికార్డులు వింటాం. మాలో పెద్దాయన, నేను అన్నా అని పిలిచే ఆయన, ఒకరోజు ఫోన్‌లో మూన్‌లైట్ ఆన్ వెర్మాంట్ అనే పాట వినిపించారు. గరగరలాడే గొంతు, బరువైన గిటార్, ఊపు. బాగా నచ్చింది. ఏ ఆల్బమ్ అని అడిగితే ట్రౌట్ మాస్క్ అన్నారు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర ఆర్డర్ పెట్టాను. విదేశం నుంచి తెప్పించిన కాపీ, సీలు విప్పనిది. షరతులు స్పష్టంగానే రాసి ఉన్నాయి: సీలు విప్పితే వాపసు లేదు, రికార్డులో లోపం ఉంటే 7 రోజుల్లో చెప్పాలి. చదివాను. కానీ 58వ ర్యాంకు రికార్డుని వాపసు ఇవ్వాల్సిన అవసరం నాకెందుకు వస్తుందనుకున్నాను.

శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సీలు విప్పాను. మొదటి పాట ఫ్రౌన్‌ల్యాండ్. ఒక గిటార్ ఒక లెక్కలో, రెండోది వేరే లెక్కలో, డ్రమ్స్ ఇంకో లెక్కలో. వాటి మీద గొంతు, ఆ మూడింటితోనూ సంబంధం లేనట్టు. స్పీడ్ తప్పుగా పెట్టానేమోనని చూశాను, ఎల్పీకి పెట్టాల్సిన 33 మీదే ఉంది. నీడిల్ లేపి మళ్లీ మొదటినుంచి పెట్టాను, అంతే. రెండో పాటకొచ్చేసరికి వాయిద్యాలే లేవు, ఒక్క గొంతు, మధ్యమధ్యలో టక్ టక్ అని చప్పుడు. గీత పడిందనుకున్నాను. రికార్డు తీసి ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని చూశాను. ఫోన్ టార్చి వేసి చూశాను. అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. బ్రష్‌తో తుడిచి మళ్లీ పెడితే అదే చోట అదే టక్.

అప్పటికి టెన్షన్ మొదలైంది. మెషీనే పాడైందేమోనని నాన్న దాచుకున్న ఘంటసాల భగవద్గీత హెచ్.ఎం.వి. రికార్డు తీసి పెట్టాను. అక్కడక్కడా పాత దుమ్ము చప్పుడు తప్ప, ఒక్కో మాట చెవి పక్కన నిలబడి చెప్పినట్టు వినిపించింది. అంటే మెషీన్‌లో లోపం లేదు, నీడిల్‌లో లోపం లేదు.

మర్నాడే అమ్మినవారికి రాశాను. "రికార్డు బాగానే ఉంది సార్, ఆ ఆల్బమే అలా ఉంటుంది" అని జవాబొచ్చింది. అప్పుడు కోపమొచ్చింది కానీ తర్వాత చదివితే వాళ్లు చెప్పింది నిజమే. ఆ రెండో పాటని వాన్ వ్లీట్ ఇంట్లోనే టేప్ రికార్డర్ మీద పాడారు. వరస వరసకీ టేప్ ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు పడ్డ మీట చప్పుడే ఆ టక్. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. స్టూడియోలో పాడినప్పుడు కూడా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు. అద్దం అవతలినుంచి లీలగా వినబడే సంగీతాన్ని బట్టి పాడేశారు. అందుకే గొంతు ఒకచోట, తాళం ఒకచోట.

ఇదంతా చేతకాక చేసిన పని అని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. వాన్ వ్లీట్‌కి పియానో వాయించడం రాదు. ఆయన పియానో మీద మోగించినవాటిని డ్రమ్మర్ జాన్ ఫ్రెంచ్ కాగితం మీద రాసి, ఎవరి భాగం వాళ్లకి నేర్పారు. లాస్ ఏంజెలిస్‌లో ఒక అద్దె ఇంట్లో నెలల తరబడి సాధన చేశారు. తోచినట్టు వాయించేసినట్టు వినిపించే ఒక్కో ముక్కా కంఠతా పట్టి వాయించిందే. ఆ కష్టానికి దండం పెడతాను. అయినా రాత్రి పదింటికి కుర్చీలో కూర్చుని వినాలంటే నా ప్రాణానికి అది పడలేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నన్ను ఊరించిన మూన్‌లైట్ ఆన్ వెర్మాంట్, ఈ ఆల్బమ్‌లో మిగతా పాటలతోపాటు రికార్డయింది కాదు. ఆ పాట, నాలుగో సైడు చివర్లో వచ్చే వెటరన్స్ డే పాపీ, ఈ రెండూ 1968లోనే, ఆ సుదీర్ఘమైన సాధన కంటే ముందే రికార్డు చేసినవి. నాలుగు సైడ్లలో నాకు నచ్చినవి సరిగ్గా ఆ రెండే. ఎవరైనా ఒక్క పాట వినిపించాలనుకుంటే తేలిగ్గా ఎక్కే పాటే ఎంచుకుంటారు, అది సహజం. ఆ ఒక్కటి విని 28 పాటలకి డబ్బు కట్టడం నాలాంటివాళ్లు చేసే తప్పు.

తర్వాతిది ఇంకా పెద్ద ఉచ్చు. నచ్చలేదని ఎవరి దగ్గరైనా నసిగితే చాలు, "ఇంకో ఆరేడుసార్లు విను, అప్పుడు ఎక్కుతుంది" అంటారు. దీనికి తోడు సింప్సన్స్ అనే టీవీ కార్టూన్ సృష్టికర్త మ్యాట్ గ్రోనింగ్ కథ చెబుతారు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ రికార్డు కొని, ఇంత ఘోరమైనది ఎప్పుడూ వినలేదనుకున్నారట. ఆరేడుసార్లు విన్నాక ఇంత గొప్పది లేదనిపించిందట. కథ నిజమే, ఆయనే చెప్పారు. కానీ అది ఆయన చెవి. నేను తొమ్మిదిసార్లు విన్నాను, నాలుగు సైడ్లూ. లెక్క వేస్తే పన్నెండు గంటలు. తొమ్మిదోసారికి ఏ పాట తర్వాత ఏది వస్తుందో తెలిసింది, ఎక్కడ ఉలిక్కిపడాలో తెలిసింది. మళ్లీ వినాలన్న కోరిక మాత్రం ఒక్కసారీ కలగలేదు. ఈ లోపల 7 రోజులు కాదు, 70 రోజులు గడిచిపోయాయి.

ఆదివారాలు వెళ్తే అన్న అడిగేవారు, "ఎలా ఉంది తమ్ముడూ?" అని. అద్భుతం అన్నా, అనేవాణ్ని. పక్కవాళ్లు సంబరంగా దాని గురించి మాట్లాడుతుంటే తల ఊపేవాణ్ని. ఇంటికొచ్చాక బాధేసేది. ఇంతమంది పెద్దలు మెచ్చుకున్నది నాకు అందడం లేదంటే నేను ఇన్నాళ్లూ విన్నది సంగీతమేనా అని. నాన్న రికార్డులు పెట్టుకున్నప్పుడు కూడా ఆ అనుమానం వదిలేది కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది.

మూడు నెలలకి నోరు విప్పి, "అన్నా, నాకు ఇది నచ్చలేదు" అన్నాను. తిడతారేమో, జాలిపడతారేమో అనుకున్నాను. ఆయన చేసింది రెండూ కాదు. "మొదటి వారమే చెప్పాల్సింది కదా తమ్ముడూ. నాకు తెలిసినాయన ఇదే కాపీ కోసం వెతికి వెతికి పోయిన నెలే ఇంకోచోట కొనుక్కున్నాడు. నీ దగ్గరున్నది పూర్తి ధరకి తీసుకునేవాడు" అన్నారు. చివరికి పాత రికార్డులు కొనే ఒకరు 2,600 ఇచ్చారు. మొహమాటం ఖరీదు 3,200.

ర్యాంకుల సంగతి కూడా ఒకసారి చూడండి. అదే రోలింగ్ స్టోన్ లిస్టులో బీటిల్స్ ఆల్బమ్ సార్జంట్ పెప్పర్స్ 2003లో ఒకటో స్థానం, 2012లోనూ ఒకటే. 2020లో కొత్తవాళ్లతో మళ్లీ ఓట్లు వేయించారు, అది 24కి వెళ్లింది. 6వ స్థానంలో ఉన్న మార్విన్ గే ఆల్బమ్ వాట్స్ గోయింగ్ ఆన్ ఒకటికి వచ్చింది. రికార్డుల్లో ఒక్క స్వరం మారలేదు, ఓట్లు వేసినవాళ్లు మారారు. సంగీతకారులు, విమర్శకులు కొన్ని వందలమంది వేసిన ఓట్ల లెక్క అది. ఏం వినాలో వెతుక్కోవడానికి బాగా పనికొస్తుంది, నేను ఇప్పటికీ చూస్తాను. డబ్బు కట్టడానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి.

కొనేముందు ఆల్బమ్ మొత్తం ఎక్కడైనా ఒకసారి, కుదిరితే రోజుకో సైడు చొప్పున, వినండి. దగ్గర్లో పాత రికార్డులు అమ్మేవాళ్లుంటే వెళ్లి పెట్టి వినిపించమని అడగండి, చాలామంది కాదనరు. సీలున్న కాపీ విప్పిన క్షణమే దాని ధర పడిపోతుంది కాబట్టి, మొదటిసారి వినే ఆల్బమ్ అయితే బాగున్న పాత కాపీ కొనడమే మేలు. నచ్చకపోతే పెద్దగా నష్టం లేకుండా మళ్లీ అమ్ముకోవచ్చు. నచ్చలేదని తెలిసిన రోజే తోటివాళ్లకి చెప్పండి.

ట్రౌట్ మాస్క్ కార్టులో పెట్టుకుని కూర్చున్నవాళ్లుంటే, మూన్‌లైట్ ఆన్ వెర్మాంట్ పక్కన పెట్టి ముందు ఫ్రౌన్‌ల్యాండ్ వినండి. నిమిషం నలభై సెకన్లే. వెంటనే రెండో పాట, ఆ టక్ టక్ ఉన్నది, వినండి. ఆ రెండూ అయ్యాక మూడోది వినాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.