రోజూ వండే గిన్నె, పెళ్లికి తెచ్చే గుండిగ: కంపెనీ సర్వర్లు ఎక్కడుంటే మేలు?

పోయిన నెల మా బావగారు ఫోన్ చేశారు. ఆయనకి బాలానగర్‌లో మందుల పంపిణీ కంపెనీ ఉంది, మూడొందల మంది పనిచేస్తారు. ఆఫీసులో మెట్ల పక్కనున్న చిన్న గదిలో తొమ్మిది సర్వర్లు. ఆరేళ్ల నాటివి, వారంటీ అయిపోయింది. "కొత్తవి కొనమని ఒకడు కొటేషన్ ఇచ్చాడు, అన్నీ క్లౌడ్‌లో పెట్టేయమని ఇంకొకడు. ఇద్దరూ డబ్బు మిగులుతుందనే అంటున్నారు. ఎవరి మాట వినమంటావు?" అన్నారు. నేను ఇరవై ఏళ్లుగా సర్వర్ల పనిలోనే ఉన్నాను కదా, అందుకని నన్నడిగారు.

క్లౌడ్ అంటే ఇంటర్నెట్ మీదుగా అద్దెకి వాడుకునే సర్వర్లు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ తొమ్మిది సర్వర్లు అసలు ఏం పని చేస్తున్నాయో ఇద్దరూ చూడలేదు. నేను వారం రోజుల లెక్క తీయించాను. ఏడింట్లో సీపీయూ పది శాతం కూడా దాటలేదు! ఒకదాని మీద హాజరు సాఫ్ట్‌వేర్, ఒకదాని మీద ఫైళ్లు, మరోదాని మీద ఎవరూ తెరవని పాత ఇన్వాయిస్‌లు. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో మిషన్ కొన్న రోజుల నాటి అలవాటది.

కాబట్టి మొదటి దారి, ఉన్నదాన్ని మన ఇంట్లోనే పంచుకోవడం. ఒక పెద్ద సర్వర్‌ని పది చిన్న సర్వర్లలా వాడుకోవడమే వర్చువలైజేషన్. ఇది కొత్త విద్యేమీ కాదు. ఐబీఎం తన మెయిన్‌ఫ్రేములనే భారీ కంప్యూటర్ల మీద ఈ పని చేసే వీఎం/370 సాఫ్ట్‌వేర్‌ని 1972లోనే ఇచ్చింది. మన ఆఫీసుల్లో ఉండే మామూలు సర్వర్లకి దాన్ని తెచ్చి పేరు తెచ్చుకుంది 1998లో పుట్టిన వీఎంవేర్. బావగారి తొమ్మిది సర్వర్ల పని మూడు కొత్త సర్వర్లలో హాయిగా సరిపోతుంది. నిజానికి రెండు చాలు. మూడోది ఎందుకంటే, ఒకటి పడిపోయినా మిగతా రెండూ దాని పని మోయాలి.

ఇక్కడొక చిక్కుంది. 2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది. ఆ డిసెంబరు నుంచే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు ఆపేసి, అందరినీ చందాలోకి మార్చింది. సర్వర్ మనదైనా దాని మీది సాఫ్ట్‌వేర్‌కి అద్దె కడుతూనే ఉండాలి. అందుకే చాలామంది అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నారు. దాని అడుగున ఉండి సర్వర్‌ని ముక్కలు చేసే కేవీఎం, 2007 నుంచీ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగమే. లైసెన్సు ఖర్చు ఉండదు గానీ, రాత్రి రెండింటికి అది మొరాయిస్తే బాగుచేయగల మనిషి కావాలి.

సర్వర్ సొంతమే, గది కూడా సొంతమే అయితే? ఆ దారి నాకు ఇష్టం లేదు. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో మే నెల ఆదివారం పూట సర్వర్ రూమ్ ఏసీ ట్రిప్ అయింది. వాచ్‌మన్‌కి బీప్ శబ్దం వినిపించిందట. పక్కింటి ఇన్వర్టర్ అనుకున్నాడు. సోమవారం ఉదయం తలుపు తీస్తే మొహాన పొయ్యి సెగ కొట్టినట్టయింది. రెండు డిస్కులు పోయాయి. యూపీఎస్ బ్యాటరీలు, జనరేటర్‌కి డీజిల్, రెండో ఏసీ, ఫైర్ అలారం, ఇవేవీ సర్వర్ కొటేషన్‌లో కనిపించవు. కలిపి చూస్తే అవే సగం ఖర్చు.

మధ్యలో ఇంకో దారుంది. దీని గురించి బావగారికి ఎవరూ చెప్పలేదు. సర్వర్లు మనవి, గది మాత్రం డేటా సెంటర్ వాళ్లది. దీన్ని కోలొకేషన్ అంటారు. హైదరాబాద్‌లో కంట్రోల్‌ఎస్ లాంటివి, మంగళగిరిలో పై డేటాసెంటర్స్ ఉన్నాయి. సర్వర్లు బిగించే బీరువాలాంటి ర్యాక్ ఒకటో, అందులో సగమో అద్దెకు తీసుకుంటాం. కరెంటు, చల్లదనం, కాపలా వాళ్లు చూసుకుంటారు, ఆ ఖర్చు వాళ్ల దగ్గర సర్వర్లు పెట్టిన కంపెనీలన్నీ పంచుకుంటాయి. చిరాకు పెట్టేది ఒకటే. డిస్కు మార్చాలంటే మనమే వెళ్లాలి, లేదంటే వాళ్ల మనిషి చేత చేయించి గంటల లెక్కన కట్టాలి.

ఇక క్లౌడ్. అమెజాన్ 2006లో సర్వర్లని గంటకి పది సెంట్ల చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు మాకు నిజంగా వింతగా అనిపించింది. అప్పట్లో కొత్త సర్వర్ కావాలంటే ఆర్డర్ పెట్టి నెలన్నర ఆగేవాళ్లం. అది నిమిషాల్లో వచ్చేసింది. ఇప్పుడు అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లున్నాయి, అంటే ఒక్కో ప్రాంతంలో డేటా సెంటర్ల గుంపులు. దూరం అన్న సమస్య మనకి దాదాపు పోయింది.

క్లౌడ్ దేనికి మేలంటే, ఇంటర్ ఫలితాల రోజు గుర్తు తెచ్చుకోండి. లక్షల మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఒకే గంటలో ఒకే సైట్ మీద పడతారు. వారం తర్వాత అటు చూసేవాడుండడు. దానికోసం సర్వర్లు కొనడమంటే పెళ్లి భోజనాల కోసం గుండిగలు కొని, ఆ తర్వాత ఏళ్ల తరబడి అటక మీద దాచుకోవడమే. టెంట్ హౌస్ ఉన్నది అందుకే. కానీ రోజూ అన్నం వండే గిన్నెని ఎవరైనా టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుంటారా?

సర్వర్లు పంచుకోవడం వల్ల డబ్బు మిగలడం నిజమే. మిగిలింది ఎవరి జేబులోకి పోతుందన్నదే ప్రశ్న. మన మూడు సర్వర్లని మన పది పనులు పంచుకుంటే ఆ మిగులు మనది. క్లౌడ్‌లో అదే సర్వర్‌ని ముక్కూమొహం తెలియని కంపెనీలతో పంచుకుంటాం. అక్కడ మిగులు మనకి రావాలంటే మన వాడకం పెరుగుతూ తగ్గుతూ ఉండాలి, తగ్గినప్పుడు మనం గుర్తుపెట్టుకుని ఆపేయాలి. ఆపకపోతే అది అమ్మినవాడి లాభం.

ఆ ఆపడమే ఎవరూ చేయరు. టెస్టింగ్ మిషన్లు రోజుకి పది గంటలు, వారానికి ఐదు రోజులు నడిస్తే 50 గంటలు. వారానికి 168 గంటలు. అంటే ఆఫీసు లేనప్పుడు ఆపేస్తే ఆ బిల్లులో 70 శాతం దాకా తగ్గుతుంది. ఈ లెక్క మా టీమ్‌కి బోర్డు మీద రాసి చెప్పింది నేనే. ఆ ఏడాది దసరా సెలవులకి నాలుగు పెద్ద మిషన్లు ఆపకుండా ఊరెళ్లిందీ నేనే. తిరిగొచ్చాక బిల్లు చూసిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

తగ్గింపులూ ఉన్నాయి. ఏడాదికో మూడేళ్లకో మాటిస్తే 72 శాతం దాకా తగ్గిస్తామంటారు. బాగానే ఉంది, కానీ మూడేళ్లు కట్టుబడ్డాక అది కొన్నదానికీ అద్దెకీ మధ్య రకం అయిపోతుంది. స్పాట్ మిషన్లయితే, అంటే ఆ సమయానికి ఎవరూ వాడక ఖాళీగా ఉన్నవైతే, 90 శాతం దాకా తక్కువకే దొరుకుతాయి. రెండు నిమిషాల నోటీసుతో లాగేసుకుంటారు మరి. రాత్రి పూట రిపోర్టులు నడపడానికి పర్లేదు, బిల్లింగ్‌కి పనికిరావు.

ఇంకొకటి, డేటా క్లౌడ్ లోపలికి పంపడం ఉచితం, బయటికి తీస్తే మీటర్ తిరుగుతుంది. అమెజాన్ ముంబై రీజియన్ ధరల పట్టీలో నెలకి మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి 0.1093 డాలర్లు. నెలకి పది టీబీ, అంటే పది వేల జీబీ, బయటికెళ్తే సుమారు 1,080 డాలర్లు, రూపాయల్లో లక్షకి దగ్గర. దీన్ని కొటేషన్‌లో వెతకండి, చాలాసార్లు కనపడదు.

పేరున్న కంపెనీలు ఏం చేశాయో చూసినా ఇదే. 37సిగ్నల్స్ అనే కంపెనీ 2022లో క్లౌడ్‌కి సుమారు 32 లక్షల డాలర్లు కట్టింది. దాదాపు ఏడు లక్షల డాలర్లతో సర్వర్లు కొని కోలొకేషన్‌లో పెట్టుకున్నాక ఏడాది క్లౌడ్ బిల్లు 13 లక్షలకి దిగింది, మనుషుల్ని పెంచలేదు కూడా. జనం ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ ఆ ఫైళ్లలో ఎక్కువ భాగాన్ని అమెజాన్ నుంచి సొంత నిల్వకి మార్చి, రెండేళ్లలో 7.46 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నట్టు 2018లో చూపించింది. నెట్‌ఫ్లిక్స్ దీనికి ఎదురు దారిలో వెళ్లింది. 2008లో డేటాబేస్ దెబ్బతిని అప్పట్లో పోస్టులో పంపే డీవీడీలు మూడు రోజులు పంపలేకపోయాక మొదలుపెట్టి, 2016 జనవరికి అమెజాన్‌లోకి పూర్తిగా మారింది. అయినా మనం చూసే వీడియో మాత్రం ఓపెన్ కనెక్ట్ అనే దాని సొంత పెట్టెల నుంచే వస్తుంది. ఎక్కువ తక్కువలయ్యేది అద్దెకి, రోజూ దండిగా పారేది సొంతానికి.

క్లౌడ్ పడిపోదని చెప్పేవాళ్లని మాత్రం నమ్మకండి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డీఎన్ఎస్, అంటే పేరు చెబితే సర్వర్ చిరునామా చూపే వ్యవస్థ, దాని దగ్గర తప్పు జరిగి ప్రపంచంలో సగం యాప్‌లు ఆగినంత పనైంది. అయితే అక్కడ బాగుచేయడానికి వందల మంది ఇంజనీర్లుంటారు. మెట్ల పక్క గదిలో వాచ్‌మన్ ఉంటాడు.

చివరికి బావగారికి చెప్పింది ఇది. మూడు సర్వర్లు కొనండి, అర ర్యాక్ అద్దెకి తీసుకోండి. బిల్లింగ్, స్టాక్, హాజరు అన్నీ అక్కడే. మెడికల్ షాపులవాళ్లు ఆర్డర్లు పెట్టే యాప్ మాత్రం క్లౌడ్‌లో ఉంచండి, నెలాఖరు రద్దీ దానికే కాబట్టి. బ్యాకప్ కాపీ ఒకటి క్లౌడ్‌లో పెట్టండి. టెస్టింగ్ మిషన్లు రాత్రి ఎనిమిదింటికి వాటంతటవే ఆగిపోయేలా పెట్టించండి, ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్ముకోవద్దు. మూడేళ్ల తర్వాత మళ్లీ లెక్క తీయించి చూద్దాం.

అన్నీ విని, "మరి ఆ గది?" అన్నారు. ఖాళీ అవుతుందన్నాను. 25 డిగ్రీల లోపు ఉంచాల్సిన మందులకి ఆ ఏసీ సరిపోతుందట, వచ్చే వారమే ర్యాకులు కొట్టిస్తానన్నారు.