ఒక్క జర్మన్ పల్లె చూడాలంటే ఏది మేలు? మ్యోడ్లారాయిటా, ల్యూబెల్నా?

జర్మనీలో చదువుకోడానికి వచ్చిన మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "బెర్లిన్, మ్యూనిక్ చూసేశాం. కాస్త చరిత్ర ఉన్న చిన్న పల్లె ఏదైనా చెప్పండి, ఒక్క రోజే టైముంది." నేను ఎప్పుడూ రెండు పేర్లే చెప్తాను. బవేరియా, తురింగియా రాష్ట్రాలు కలిసేచోట ఉన్న మ్యోడ్లారాయిట్ ఒకటి. ఉత్తరాన వెండ్‌లాండ్‌లో ఉన్న ల్యూబెల్న్ రెండోది.

పాత ఇళ్లు ఎన్ని ఉన్నాయి, ఫోటోలు ఎంత బాగా వస్తాయి అన్నవి నాకు తర్వాతి సంగతి. ఒక ఊళ్లో జరిగినదానికి కారణం ఆ నేల మీద నిలబడితే కంటికి కనబడుతుందా లేదా అన్నదే నేను చూసేది. వాగు, గట్టు, దారి, పొలం, వీటిని చూసి "ఓహో, అందుకా!" అనిపించాలి.

ముందు ల్యూబెల్న్ సంగతి. ఇది గుండ్రటి ఊరు. మధ్యలో ఖాళీ స్థలం, దాని చుట్టూ పెద్ద పెద్ద ఇళ్లు, అన్నిటి ముఖాలూ మధ్యలోకే. ఇలాంటి ఊళ్లలోకి మొదట్లో ఉండేది ఒకటే దారి. ప్రతి ఇంటి స్థలమూ వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పైనుంచి చూస్తే తాటాకు విసనకర్ర విప్పినట్టుంటుంది. మనుషులు, పశువులు, గడ్డి, ధాన్యం అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. బండి పట్టేంత పెద్ద తలుపు, దాని పైన అడ్డదూలం. ఆ దూలం మీద ఇల్లు కట్టించిన భార్యాభర్తల పేర్లు, కట్టిన సంవత్సరం, ఒక ప్రార్థన చెక్కి ఉంటాయి. అవి చదువుకుంటూ ఊరంతా చుట్టి రావచ్చు. దగ్గర్లోనే ఉన్న సాటెమిన్ 1850లో కాలిపోయింది. జనం మళ్లీ గుండ్రంగానే కట్టుకున్నారు.

ఇక్కడివాళ్లు ఒకప్పుడు వెండ్‌లు, అంటే స్లావ్ జాతివాళ్లు. వాళ్ల పొలాబియన్ భాష 18వ శతాబ్దంలో అంతరించిపోయింది. ఆ ప్రాంతపు రైతు యోహాన్ పారుమ్ షుల్ట్‌సె (1677–1740) తన ఊరి వృత్తాంతం రాస్తూ, తానూ ఇంకో ముగ్గురూ పోతే కుక్కని వెండ్ భాషలో ఏమంటారో చెప్పేవాడే ఉండడని బాధపడ్డాడు. అది చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ భాష ఊళ్లో వినబడదు, ఊళ్ల పేర్లలో మాత్రం మిగిలింది. పోనీ ఊరు గుండ్రంగా ఎందుకుంది? శత్రువుల నుంచి కాపాడుకోడానికని కొందరు, పశువుల కోసమని కొందరు, 12వ శతాబ్దంలో దొరలు కొలిచి ఇచ్చిన ప్లాను అని ఇంకొందరు అంటారు. ఊరి మధ్య ఎంతసేపు నిలబడినా ఆ జవాబు దొరకదు. పుస్తకం తెరవాల్సిందే.

మ్యోడ్లారాయిట్‌లో పుస్తకం అక్కర్లేదు. జనాభా 50కి అటూ ఇటూ. ఊరి మధ్య నుంచి టాన్‌బాఖ్ అనే వాగు పారుతుంది. వాగు అనడం కూడా ఎక్కువే, కాస్త ఊపుతో దూకితే అవతల పడతాం. 1810లో దీని వెంట హద్దురాళ్లు పాతారు. ఇటు బవేరియా రాజ్యం, అటు రాయ్స్ సంస్థానం (ఇప్పటి తురింగియా వైపు). అయినా ఊరు ఒక్కటే. బడీ, సారాకొట్టూ తురింగియా వైపు, చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపున్న ట్యోపెన్‌కి వెళ్లేవాళ్లు. వందేళ్లు దాటినా ఆ గీతతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

1945 తర్వాత అమెరికా, సోవియట్ మండలాల మధ్య హద్దు పెట్టాల్సి వచ్చినప్పుడు అదే పాత గీత పనికొచ్చింది. 1949 నాటికి ఇటు పశ్చిమ జర్మనీ, అటు తూర్పు జర్మనీ, రెండు వేరే దేశాలు. 1952లో తూర్పువాళ్లు చెక్కల కంచె వేశారు. 1966లో 3.3 మీటర్ల ఎత్తున, 700 మీటర్ల పొడవున కాంక్రీటు గోడ కట్టారు. అమెరికా సైనికులు ఈ ఊరికి "లిటిల్ బెర్లిన్" అని పేరు పెట్టారు. పడమటివాళ్లు చెయ్యి ఊపితే తూర్పువాళ్లు తిరిగి ఊపకూడదు, అది నిషేధం. ఎదురింటివాళ్లని పలకరించడానికి లేదు! 1989 డిసెంబర్ 9న నడిచి దాటేందుకు దారి తెరిచారు. 1990 జూన్ 17న గోడ కూల్చడం మొదలుపెట్టారు. ఓ 100 మీటర్ల ముక్కని మాత్రం మ్యూజియం కోసం ఉంచారు.

నన్ను అడిగితే ఇదే ముందు చూడమంటాను. బెర్లిన్ గోడ దగ్గర మనకి పెద్ద పెద్ద నాయకులు గుర్తొస్తారు. ఇక్కడ అలా కాదు. వాగునీ, హద్దురాయినీ, గోడ ముక్కనీ ఒక్కచోట నిలబడి చూడొచ్చు. ఎప్పుడో ఇద్దరు పాలకులు పంచుకున్న గీత, ఎవరి బతుక్కీ అడ్డురానిది, ఎక్కడో జరిగిన యుద్ధం వల్ల ఊరిని నిలువునా చీల్చింది. ఇప్పటికీ ఊరు రెండు రాష్ట్రాల్లోనే ఉంది. పిన్‌కోడ్లు రెండు, కార్ల నంబర్ ప్లేట్లు రెండు రకాలు, మేయర్లు ఇద్దరు. బవేరియా వైపు "గ్ర్యూస్ గాట్" అంటారు, అవతల "గూటెన్ టాగ్" అంటారు.

పాత ఇళ్ల కట్టుబడి మీద, వ్యవసాయం మీద ఇష్టం ఉన్నవాళ్లకి మాత్రం ల్యూబెల్నే మేలు. అక్కడి మ్యూజియంలో పాత ఇళ్ల లోపలికి వెళ్లి చూడొచ్చు, పిల్లలకీ బాగుంటుంది. అయితే దగ్గరి పట్టణం ల్యూఖోకి ప్యాసింజర్ రైలు లేదు. మ్యోడ్లారాయిట్‌కైతే హోఫ్ పట్టణం వరకు రైలుంది, అక్కణ్నుంచి కారు చూసుకోవాలి.

ఎల్బే ఒడ్డున ర్యూటర్‌బెర్గ్ అనే ఊరూ ఉంది. కంచెలో బందీగా బతికి, బెర్లిన్ గోడ తెరుచుకోడానికి సరిగ్గా ముందురోజు తమది "పల్లె రిపబ్లిక్" అని ప్రకటించుకుంది. దారిలో పడితే ఆగండి. ఫెల్డ్‌హైమ్‌లో గాలిమరలు, సొంత కరెంటు లైన్లు ఉన్నాయి. ఇంజనీరింగ్‌వాళ్లకి నచ్చుతుంది, చరిత్ర కోసమైతే అక్కర్లేదు.

మ్యోడ్లారాయిట్‌కి వెళ్తే మాత్రం నేరుగా మ్యూజియంలోకి వెళ్లకండి. ముందు వాగు వెంట నడిచి ఆ హద్దురాళ్లని చూడండి. ఒకవైపు బవేరియా రాజ్యం అక్షరాలు, రెండోవైపు రాయ్స్ సంస్థానం అక్షరాలు ఉంటాయి. లోపల పెట్టిన ఫోటోలు ఆ తర్వాత చూస్తే ఏ ఫోటో ఎక్కడ తీసిందో మీకే తెలిసిపోతుంది.