సెర్ట్రలిన్ 50 (డిప్రెషన్ మాత్ర), మూడేళ్లు వాడాక

సాంబారు చల్లారిందని గిన్నె గోడకేసి కొట్టాను. రెండుసార్లు రంగు వేయించినా ఆ పసుపు మరక ఇంకా లీలగా కనబడుతూనే ఉంది. “దిగులుగా ఉంటుందా?” అని డాక్టరు అడిగితే, “లేదండీ, ఒళ్లు మండుతుంటుంది” అన్నాను. ఉన్నట్టుండి గుండె దడ, చెమట, ముఖమంతా వేడి, నోటికొచ్చిన తిట్లు, పావుగంట తర్వాత సిగ్గు. డిప్రెషన్ ఇలా కూడా ఉంటుందని నాకేం తెలుసు! అమెరికాలో మానసిక వైద్యుడు మౌరిజియో ఫావా బృందం 1990లోనే ఇలాంటి కోపం తెరల గురించి రాసింది. ఇలాంటి డిప్రెషన్ మందులతో 53 నుంచి 71 శాతం మందిలో ఆ కోపం తెరలు పోయాయని తర్వాత లెక్క చెప్పింది.

నేనూ ఆ లెక్కలోవాణ్ణే. మొదటి వారం 25 మిల్లీగ్రాములే ఇచ్చినా కాలు నిలవనంత చిరాకు. ఐదో వారం అనుకుంటా, చిన్నోడు నా ఫోను నీళ్ల బకెట్లో పడేశాడు. అరుపు గొంతుదాకా వచ్చి ఆగింది. వాడు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

ఇక అసలు దెబ్బ. మేనకోడలి పెళ్లికి రాజమండ్రి వెళ్తూ మాత్రలు ఇంట్లో మరిచిపోయాను. చీటీ లేనిదే ఇవ్వనన్నాడు మందుల షాపువాడు. తప్పు అతనిది కాదు, అది చీటీ మీద అమ్మాల్సిన మందే. నాలుగు రోజులేగా అనుకున్నా. ఈ మందు ఒంట్లో సగం కావడానికి ఒక రోజు చాలని అప్పుడు తెలీదు. మూడో రోజుకి తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. నాలుగో రోజు పంక్తిలో పప్పు ఆలస్యమైందని బావగారిమీదే విరుచుకుపడ్డాను. మేనమామని కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అక్క మాత్రం, “నయమైందన్నావు కదరా?” అంది.

కోపంతోపాటు ఇంకేదో కూడా తగ్గింది. నాన్నమ్మ పోయినప్పుడు కన్నీళ్లు రాలేదు. పడగ్గది సంగతి ఇక్కడెందుకులెండి.

నాకు కుదిరింది, మీకు కుదురుతుందని చెప్పలేను. మొదలుపెట్టేముందు డాక్టరు, “నిద్ర లేకపోయినా హుషారుగా తిరిగిన రోజులున్నాయా?” అని గుచ్చి గుచ్చి అడిగారు. బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు విపరీతమైన హుషారు ఉండే జబ్బు) ఉన్నవాళ్లకి ఇది ఎదురుతిరగొచ్చట. ఇప్పుడు మెల్లగా తగ్గిద్దామంటున్నారు. వేసవిలో చూద్దామండీ అన్నాను. అప్పుడైతే మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తుంది.