పది అడుగుల నాలుగు అంగుళాల కప్పు కింద రెండు కార్లు

ఉత్తర టెక్సస్‌లో ఉండేవాళ్లకు వడగళ్ల గురించి చెప్పనక్కర్లేదు. మార్చి నుంచి మే దాకా పడమట మబ్బు కమ్మితే చాలు, వీధంతా కార్లు దాచుకునే పనిలో పడుతుంది. ఫ్రిస్కోలో మా ఇంటి గ్యారేజిలో పట్టేది రెండు కార్లు. మాకున్నవి మూడు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పావుగంట పాటు నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. ఇంటి ముందు నిలిపిన మా అమ్మాయి సివిక్ మీద నలభై మూడు సొట్టలు లెక్కపెట్టాం. తనకు లైసెన్సు వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. పిల్ల కారు చుట్టూ తిరుగుతూ ఒక్కో సొట్ట మీద వేలు పెట్టి తడుముతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

గ్యారేజిలో చోటు ఆక్రమించి కూర్చున్నది 2004 అకార్డ్. ఈ దేశంలో మేము కొన్న మొదటి కారు అది. ఈ పిల్లను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. పది రోజులకో పదిహేను రోజులకో ఒకసారి బయటికి తీస్తాను. అమ్మడానికి మనసు రాదు. పెరట్లో రేకుల షెడ్డు వేద్దామంటే మా కాలనీ సంఘం నియమాలు ఒప్పుకోవు. బయట ఎక్కడైనా అద్దెకు పెడదామంటే నెలనెలా డబ్బు కట్టాలి. అలా ఆలోచించి ఆలోచించి కారు మీద కారు నిలిపే లిఫ్టు దగ్గర ఆగాను. అక్టోబరులో బిగించాం. ఏడు నెలలుగా వాడుతున్నాను కాబట్టి నమ్మకంతో రాయగలను.

రెండు స్తంభాల లిఫ్టు, నాలుగు స్తంభాల లిఫ్టు అని రెండు రకాలు. మెకానిక్ షెడ్లలో చక్రాలు గాలిలో వేలాడేలా కారును ఇనుప చేతులతో ఎత్తి పట్టుకునేది రెండు స్తంభాలది. అది ఒరగకుండా నిలబడటం నేలలో దిగిన బోల్టుల మీద ఆధారపడుతుంది. నాలుగు స్తంభాలదానికి రెండు పొడవాటి ఇనుప పలకలు ఉంటాయి. కారు వాటి మీదికి ఎక్కి తన చక్రాల మీదే నిలబడుతుంది. ఇంట్లో కారు దాచుకోవడానికి ఇదే తగినది. మా ప్రాంతంలో అయితే ఇంకో గట్టి కారణం కూడా ఉంది. ఇక్కడి నల్లరేగడి లాంటి బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అందుకే చాలా ఇళ్ల పునాదుల్లో ఉక్కు తీగలు పరిచి కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక ఆ తీగలను బిగువుగా లాగి బిగిస్తారు. మా గ్యారేజి గుమ్మం దగ్గర గచ్చులోనే ఒక ముద్ర ఉంది. ఈ గచ్చులో లాగి బిగించిన తీగలున్నాయి, కోయవద్దు, తొలచవద్దు అని దాని అర్థం. తొమ్మిదేళ్లుగా దాని మీదుగా నడుస్తున్నా ఎప్పుడూ చదవలేదు. మోకాళ్ల మీద కూర్చుని దుమ్ము తుడిచి చదివిన రోజే రెండు స్తంభాల ఆలోచన వదిలేశాను. డ్రిల్లు ఆ తీగకు తగిలితే పునాది దెబ్బతింటుంది, పక్కనున్న మనిషికీ ప్రమాదం. నేను తీసుకున్న నాలుగు స్తంభాల లిఫ్టును బోల్టులు లేకుండా నేల మీద నిలబెట్టవచ్చని దాని తయారీదారే పుస్తకంలో రాశారు. మీరు కొనేదానికి ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోండి.

ఇక కొలతలు. చాలామంది ఇక్కడే మోసపోతారు. లిఫ్టు ఎంత ఎత్తుకు లేస్తుందని అడుగుతారు గాని, తమ కప్పు ఎంత ఎత్తులో ఉందో కొలవరు. మా కప్పు గచ్చు నుంచి పది అడుగుల నాలుగు అంగుళాలు, అంటే 124 అంగుళాలు. కింద నిలిపే సివిక్ ఎత్తు టేపుతో కొలిస్తే 56 అంగుళాలకు కాస్త తక్కువ. పైన నిలిపే అకార్డ్ 57. పలకల మందం 5. మూడూ కూడితే 118. ఆరు అంగుళాలు మిగులుతాయి కదా అని సంబరపడ్డాను. అయితే లిఫ్టు మనం కోరిన చోట ఆగదు. స్తంభం లోపల నిచ్చెన మెట్ల లాంటి గాట్లు ఉంటాయి, నాలుగేసి అంగుళాలకు ఒకటి. లాకు ఆ మెట్ల మీదే కూర్చోవాలి. మాకు పనికొచ్చే మెట్టు దగ్గర పలకల అడుగు 58 అంగుళాల ఎత్తులో ఆగుతుంది. అక్కడి నుంచి లెక్క వేస్తే అకార్డ్ పైకప్పుకూ గ్యారేజి కప్పుకూ మధ్య మిగిలింది బెత్తెడు. ఇంకొక్క మెట్టు పైకి పోతే కారు కప్పుకు ఆనుకుంటుంది. ఒక మెట్టు కిందైతే సివిక్ దూరదు. మా ఆవిడ హైలాండర్ లాంటి ఎత్తయిన బండి ఈ లిఫ్టు కిందా పట్టదు, పైనా పట్టదు. అది గ్యారేజి రెండో సగంలో విడిగానే ఉంటుంది.

దీని తర్వాత గ్యారేజి తలుపు. లిఫ్టు అమ్మేవాళ్లు దీని ఊసే ఎత్తలేదు. మాది పదహారు అడుగుల వెడల్పున్న ఒకే తలుపు. తెరిచినప్పుడు అది పట్టాల మీద లోపలికి జారి కప్పు కింద పడుకుంటుంది. పాత పట్టాల ఎత్తులో అది నేరుగా అకార్డ్ వెనక అద్దానికి తగిలేది. తలుపుల పనివాడు వచ్చి నిలువు పట్టాలు పొడిగించి, అడ్డ పట్టాలను కప్పుకు దగ్గరగా జరిపాడు. స్ప్రింగులు, తీగలు, తీగ చుట్టుకునే డ్రమ్ములు మార్చాడు. కప్పు మధ్యలో వేలాడే మోటారు తీసేసి గోడకు బిగించే మోటారు పెట్టాడు. కారును లోపలి గోడకు అడుగు దూరం దాకా నడిపి నిలిపితే డిక్కీ ఉన్న వెనక భాగం మాత్రమే తలుపు కిందికి వస్తుంది, ఎత్తయిన పైకప్పు భాగం తలుపు అంచు దాటి ముందుకు ఉంటుంది. ఈ అమరిక వల్లే బెత్తెడు సందుతో నెగ్గుకొచ్చాం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. తలుపు స్ప్రింగు జోలికి మీరు పోకండి. తలుపు బరువంతా మోసేంత బిగువు అందులో దాగి ఉంటుంది. దాన్ని తిప్పే ఇనుప కడ్డీ చెయ్యి జారితే ఎముకలు విరుగుతాయి. నేను మిగతా పనులు చాలావరకు చేసుకున్నాను, ఆ పని మాత్రం తెలిసినవాడికే వదిలేశాను.

రవాణా విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు. అమ్మినవాళ్లు ఇంటి దగ్గర దించుతామన్నారు. లారీ వచ్చింది. దాదాపు 1,900 పౌన్ల ఇనుప కట్ట చూపించి, దించడానికి మీ దగ్గర ఫోర్క్‌లిఫ్టు ఉందా అని డ్రైవరు అడిగాడు. ఎవరి ఇంట్లో ఉంటుంది? అతని తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. సరుకు తిరిగి డిపోకు వెళ్లింది. అక్కడ ఉంచినందుకు 120 డాలర్లు నేనే కట్టుకున్నాను. తర్వాతి శనివారం అద్దె ట్రెయిలర్ తీసుకెళ్లి తెచ్చుకున్నాం. మా బావమరిది, ఇద్దరు స్నేహితులు వచ్చారు. ఇంటి ముందే కట్ట విప్పి స్తంభాలను ఒక్కొక్కటిగా మోశాం. పలకలు మోయడం నలుగురి వల్లా కాలేదు. మా బావమరిది నీళ్ల పైపు ముక్కలు నాలుగు కింద పెట్టి దొర్లిద్దామన్నాడు. చిన్నప్పుడు ఊళ్లో రోలు జరిపింది అలాగే. పది నిమిషాల్లో పలకలు లోపలికి చేరాయి.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఒక పలక కింద హైడ్రాలిక్ సిలిండరు ఒకటి ఉంటుంది. అది లాగితే నాలుగు మూలలకూ పోయిన ఉక్కు తాళ్లు కప్పీల మీదుగా కదిలి లిఫ్టు లేస్తుంది. ఆ తాళ్ల దారి చూపించే బొమ్మ పుస్తకంలో తపాలా బిళ్లంత ఉంది. ఫోటో తీసి ఫోనులో పెద్దది చేసుకుని చూస్తే గాని తాడు కప్పీ మీంచి జారకుండా పట్టే పిన్నుకు తప్పువైపు నుంచి ఒక తాడు పోయిందని తెలియలేదు. కారు ఎక్కించకముందే చూశాం కాబట్టి సరిపోయింది. నూనె లిఫ్టుతో పాటు రాదు, మాకు మూడు గ్యాలన్లు పట్టింది. మోటారు 110 వోల్టులదే అయినా పాత లైను మీద ఫ్రీజరు కూడా ఉండటంతో ఎలక్ట్రీషియన్ 20 ఆంపియర్ల లైను విడిగా వేశాడు. నీళ్లు బయటికి పోవడానికి గ్యారేజి గచ్చు వాలుగా ఉంటుంది కదా, మాకు ముందు స్తంభాలకూ వెనక స్తంభాలకూ ముప్పావు అంగుళం తేడా వచ్చింది. లోపలి నిచ్చెనలకు పైన ఉండే నట్లు తిప్పి పలకలను మట్టానికి తెచ్చాం.

ఇప్పుడు రోజూ వాడే తీరు. బటన్ నొక్కి పట్టుకుంటే లిఫ్టు లేస్తుంది. మెట్టు దాటిన ప్రతిసారీ నాలుగు స్తంభాల్లోనూ టక్కుమని చప్పుడు వస్తుంది. నేను మోటారు వైపు కాకుండా ఆ చప్పుళ్ల వైపే చెవి పెడతాను. మొదటి వారంలోనే ఎడమ వెనక స్తంభం చప్పుడు మిగతావాటికన్నా ఆలస్యంగా వచ్చింది, ఒకసారి అసలు రాలేదు. లైటు వేసి చూస్తే లాకు నాలుక తిరిగే చోట రంగు మందంగా పేరుకుని పట్టేసింది. అరగంట గీకి, గ్రీజు రాశాక సరయింది. కొత్త సరుకులో ఇలాంటి లోపం ఉండకూడదు. మీరు ఖాళీ లిఫ్టును పదిసార్లయినా ఎత్తి దించి, నాలుగు చప్పుళ్లూ విన్నాకే కారు ఎక్కించండి. కావలసిన మెట్టు దాటాక దించే మీట నొక్కి బరువును లాకుల మీద కూర్చోబెట్టాలి. కారును తాళ్ల మీద వేలాడదీసి వదిలేయకూడదు. స్విచ్చుకు తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. లిఫ్టు కదులుతున్నంతసేపు గ్యారేజిలో నేను తప్ప ఎవరూ ఉండకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

కిందికి దించాలంటే ముందు కాస్త పైకి లేపి లాకులు విడిపించాలి. అంటే కరెంటు కావాలి. 2021 ఫిబ్రవరి చలిలో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లు ఎన్నో మనకు గుర్తే. అలాంటప్పుడు పైన ఉన్న కారు పైనే ఉంటుంది. అందుకే అవసరానికి తీసే బండిని పైన పెట్టకండి. పైకారు దించాలంటే ప్రతిసారీ కిందికారు బయటికి తీయాలి కూడా. రోజూ ఆఫీసుకు వెళ్లే రెండు కార్లకు ఈ లిఫ్టు పనికిరాదని నా ఖాయమైన అభిప్రాయం. పలకల మధ్య ప్లాస్టిక్ తట్టలు పరచడం మరిచిపోకండి. పాత ఇంజను నుంచి బొట్టు బొట్టుగా నూనె కారుతుంది, వానలో తిరిగొస్తే నీళ్లు కారతాయి, అవన్నీ కింది కారు మీదే పడతాయి.

ఖర్చు చెబుతాను. లిఫ్టుకు 2,950 డాలర్లు, రవాణాకు 410, డిపో వాళ్లకు 120, ట్రెయిలర్‌కు 65. తలుపు పట్టాలు, స్ప్రింగులు, మోటారు కలిపి 1,480. కరెంటు లైనుకు 350, నూనె, తట్టలకు 140. మొత్తం 5,515. ప్రకటనలో కనిపించిన ధరకు దాదాపు రెట్టింపు. ఇంతకన్నా చవకగా దొరికేవి ఉన్నాయి గాని, అమెరికాలోని ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షలో నెగ్గినట్లు బంగారు రంగు గుర్తు ఉన్నదే తీసుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను. తల మీద మూడు వేల పౌన్ల పైచిలుకు బరువు నిలుస్తున్నప్పుడు ఐదారు వందలు మిగుల్చుకోవడం నాకు నచ్చలేదు. తాడు తెగితే ఆ మూలను వెంటనే పట్టుకునే విడి లాకు కూడా ఇందులో ఉంది.

తొమ్మిది అడుగుల కప్పు ఉన్నవాళ్లు రెండు సెడాన్ల కోసం దీన్ని కొనవద్దు. కనీసం ఒకటి ఎత్తు బాగా తక్కువున్న కారు అయితేనే ఆలోచించండి. పది అడుగులకు పైన ఉంటే, తలుపు మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోగలిగితే, నేను ఐదింటికి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి రవాణాలో చెప్పిన అబద్ధానికీ, రంగు పట్టేసిన లాకుకూ.

ఈ ఏప్రిల్‌లో మళ్లీ వడగళ్లు పడ్డాయి. రాత్రి పదకొండు గంటలకు తలుపు రేకు మీద దడదడమని చప్పుడు మొదలైంది. మా అమ్మాయి నిద్రలోంచి లేచి చెప్పులు కూడా వేసుకోకుండా గ్యారేజిలోకి పరుగెత్తింది. నేను వెళ్లేసరికి పలకల కింద తన సివిక్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడింది.